మా బడి దక్షిణపు గుమ్మం

మొన్న మా వీధిలో జీపు ఆగి, నలుగురు ఉద్యోగులు ఒక పెట్టె, అట్టతో చేసిన తెర, కెమెరా పట్టుకుని మెట్లెక్కుతుంటే మా కోడలు కంగారు పడింది గానీ నేను పడలేదు. ఎనభై అయిదేళ్ళు దాటినవాళ్ళ చేత ఇంట్లోనే ఓటు వేయించే పద్ధతి వచ్చిందనీ, దానికి నా పేరు రాసుకున్నారనీ నాకు ముందే తెలుసు. అందుకే పొద్దున్నే ముందుగది కడిగించి, కుర్చీలు ఓ పక్కకి జరిపించి, వీధి గుమ్మమూ పెరటి గుమ్మమూ రెండూ బార్లా తీయించాను. రెండోది ఎందుకండీ, దుమ్మొస్తుంది అని కోడలు అంటే, నీకు తెలియదులే అన్నాను. నా ఈడువాళ్ళు మీలో ఎవరైనా ఉంటే మీకు తెలుస్తుందని చెబుతున్నాను.

రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర, మా వీధిలోనే ఉన్న చిన్న ఎయిడెడ్ బడికి నేను హెడ్మిస్ట్రెస్‌గా పనిచేశాను. బస్సులు తిరిగే రోడ్డుకి అవతల ఉన్న మునిసిపల్ బడికి మా పెద్ద తోడికోడలు హెడ్మిస్ట్రెస్. ఒకే ఇంటి కోడళ్ళం, ఒకే ఉద్యోగం. మా మామగారు ఆవిడ పెట్టిన పులుసే మెచ్చుకునేవారు, సరే, దానికి నేను సర్దుకున్నాను. కానీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ రోడ్డుకి ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ కూడా ఆవిడ బడే పోలింగ్ కేంద్రం కావడం మాత్రం నాకు మింగుడుపడేది కాదు. ముందుగా మనుషులు వచ్చి సున్నాలు వేసేవారు, లైట్లు పెట్టేవారు, పాడైన కుళాయి బాగుచేసేవారు. ఇక ఆ రోజున, ఉప్పాడ చీర కట్టుకుని అందరికంటే ముందు ఓటు వేసి, ఆవిడ ఆ వరండాలో తిరుగుతుంటే, ఊరు ఊరంతా వరుసలో నిలబడి నమస్కారాలు పెట్టేది. గట్టు దిగువన చేపలు పట్టుకుని బతికే ఇళ్ళలోని ముసలమ్మలు నా చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాటుతూ, "మన బళ్ళో పెట్టించొచ్చు కదండీ పంతులమ్మగారూ" అనేవారు. అప్పుడు నాకు ఆవిడ మీద పుట్టేది అసూయే, దానికి వేరే పేరు పెట్టను.

ఒకసారి ఓటర్లు పెరిగారని, మా వైపుకి వేరే కేంద్రం పెడతారని తెలిసింది. గది చూడడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు వస్తారంటే బడంతా కడిగించాను, పండగకి కూడా నేను ఇల్లు అంత శుభ్రం చేసి ఎరగను. రామచంద్రపురంలోని పుట్టింటి నుంచి కొబ్బరిబొండాలు తెప్పించి సిద్ధంగా పెట్టాను. ఆయన వచ్చి గది కొలిపించారు, వరండా నీడ చూశారు, అంతా బాగుందన్నారు. అప్పుడు గది మధ్య నిలబడి నాలుగు వైపులా చూసి, "రెండో గుమ్మం ఏదండీ మేడమ్‌గారూ?" అన్నారు.

రెండో గుమ్మం ఒకప్పుడు ఉండేది. ఒక ఏడాది పిల్లలు తగ్గారని, దానికి కారణం దక్షిణపు గుమ్మమేనని ఎవరో చెబితే విని, మా బడి మేనేజరు గారు దాన్ని ఇటుకలతో పూడ్పించేసి, పైన సరస్వతీదేవి పటం తగిలించారు. ఆ మాటే చెప్పాను. "ఇటొచ్చిన ఓటరు అటెళ్ళాలి కదండీ, ఒకే గుమ్మంలో తోసుకుంటే ఎలాగండీ? తెరిపించండి, మీ బడే రాసేస్తాను" అన్నారాయన.

అప్పటికప్పుడు మేనేజరు గారింటికి పరుగెత్తాను. ఆయనకీ ఆశ పుట్టింది గానీ, సిద్ధాంతిగారిని అడిగితే మూఢం నడుస్తోంది, అది వెళ్ళేదాకా గోడ మీద గునపం పడకూడదన్నారు. ఆ కబురు ప్రభుత్వ కార్యాలయంలో ఎలా చెప్పనా అని సిగ్గుపడుతూనే వెళ్ళి చెప్పాను. ఇన్‌స్పెక్టరు గారు నవ్వుతారనుకున్నాను. ఆయనా ఈ గోదావరి నీళ్ళు తాగినవారే కదా, నవ్వలేదు. "మూఢమైతే కష్టమేనండి" అని తలూపి, కేంద్రాల జాబితా మాత్రం ఆగదని చెప్పారు. మా వైపు వాళ్ళ కేంద్రం కూడా ఆవిడ బడిలోనే ఇంకో గదిలో పెట్టారు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర ఆవిడ నాకు పులుసు మారు వడ్డిస్తూ, "మీ గుమ్మం మూసుకుంటే నాకు రెండో బూత్ కలిసొచ్చిందే చెల్లీ" అంది. ఇంక చాలని నేను కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను. మూఢం వెళ్ళాక గుమ్మం తెరిచాం, కొత్త ద్వారబంధానికి పసుపు రాసి బొట్లు పెట్టాం. కానీ అప్పటికి ఆవిడ బడికి ర్యాంపు కూడా కట్టేశారు, మళ్ళీ మా గది చూడడానికి ఎవరూ రాలేదు. ఆ గుమ్మం పిల్లలు కుళాయి దగ్గరికి వెళ్ళడానికి పనికొచ్చింది.

మొన్న బల్ల ఎక్కడ వేయమంటారని కోడలు అడిగితే, వచ్చిన ఉద్యోగుల్లో చిన్నమ్మాయి, "ఏ మూలైనా పర్వాలేదండీ, మామ్మగారొక్కరే కదండీ" అంది. అట్ట తెర వెనక ఓటు వేసి, మడిచి, పెట్టెలో వేశాను. వాళ్ళు దండం పెట్టి, వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళిపోయారు. పెరటి గుమ్మం ఊరికే తెరుచుకుని ఉంది. అయినా నాకు సంతోషంగానే ఉంది. ఇన్నేళ్ళకి పోలింగ్ కేంద్రమే నా ఇంటికొచ్చిందని మా తోడికోడలు అక్కయ్యకి ఫోన్ చేశాను. నాకంటే పెద్దది కదా, మీ ఇంటికీ వచ్చారా అని అడిగితే, నేను వద్దన్నానే అంది.

ఎందుకు వద్దందో ఇవాళ పోలింగ్ రోజున తెలిసింది. ఆటోలో తన బడికి వెళ్ళి, చక్రాల కుర్చీలో ఆ ర్యాంపు మీదుగానే ఎక్కి ఓటు వేసిందట. కోడలు ఫోన్‌లో ఫోటో చూపించింది. ఆవిడ ఉప్పాడ చీర కట్టుకుంది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే కాబోలు, తలలు నెరిసినవాళ్ళు చుట్టూ వంగి నమస్కరిస్తున్నారు. నా బడి ఇప్పుడు లేదు, ఆ స్థలంలో అపార్ట్‌మెంటు కార్లు ఆగుతున్నాయి. నన్ను రోడ్డు దాటించమనే ముసలమ్మలూ లేరు. ఇంటికి పెట్టె వచ్చింది గానీ, నాకు కావలసిన ఆ జనం రాలేదు.

ఫోటోని పెద్దది చేసి చూశాను. ఆవిడ వెనక రెండు గుమ్మాలూ కనిపిస్తున్నాయి, ఒక దాంట్లోంచి జనం వెళుతున్నారు, ఇంకో దాంట్లోంచి వస్తున్నారు. వచ్చే ఎన్నికలదాకా ఉంటే, ఇంటికి రావద్దని నేనూ చెప్పేస్తాను. పెందలాడే లేచి ఆ బడికే వెళ్ళి, వరుసలో అక్కయ్యకంటే ముందు నిలబడతాను.