తిరుపతి కారుకు పికప్ వచ్చిన రోజు

కాటారం దగ్గరి పల్లెలో కిరాయికి కారు తిప్పే తిరుపతికి కళ్లు మూస్తే ఒకటే ఎత్తు కనిపించేది. భూపాలపల్లి దవాఖానకు పోయే దారిలో, చెట్ల నడుమ ఉండే ఆ ఎత్తు మీద అతని పాత చిన్న కారు కిందటి నెల పెళ్లివాళ్లతో సగం ఎక్కి మొండికేసింది. పట్టుచీరల ఆడవాళ్లు దిగి నడిచారు, పెళ్లికొడుకు మేనమామ వెనక నుంచి తోశాడు. అదైతే నవ్వి మరిచిపోవచ్చు. కానీ తిరుపతి భార్య సంగీతకు నెలలు నిండాయి. మన కారుండంగ అంబులెన్సు ఎందుకని వాడకట్టంతా వినేలా అన్నది తిరుపతే.

అప్పటి నుంచి ఇంజన్‌కు బలం పెంచడమే అతని పని. టర్బో సంగతి ఫోన్‌లో చూశాడు గానీ, దాని ఖరీదుకు ఇంకో కారే వస్తుంది. అందుకని తన జేబుకు అందే పనులు చేశాడు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్చాడు. బరువు తగ్గాలని స్టెప్నీ, జాకీ తీసి మంచం కింద దాచాడు. భూపాలపల్లి మెకానిక్ మధుకర్‌తో సైలెన్సర్ లోపలిదంతా కోయించాడు. దాంతో కారు వస్తుంటే కోళ్లు గోడలెక్కేవి. ఎత్తు దగ్గర మాత్రం పాత పాటే.

మధుకర్‌కూ అంతు చిక్కలేదు. బానెట్ ఎత్తి ఎక్సిలేటర్ వైరు చేత్తో గుంజితే ఇంజన్ బ్రహ్మాండంగా గర్జించేది. ఒకసారి తాను నడిపి చూస్తానంటే తిరుపతి ఒప్పుకోలేదు. తన సీట్లో ఇంకొకరు కూర్చుంటే అతనికి ప్రాణం ఒప్పదు. చెప్పులు కూడా బయట విడిచి, వట్టి కాళ్లతో నడిపే మనిషి. ఆ కాళ్లు ఇంజన్ వేడికి కాలుతున్నాయని, అదే ఊళ్లో ఉండే అత్త కట్టమ్మ ఆ పెళ్లి కిరాయికి ముందే పాత చీరలతో బొంత కుట్టింది. దాన్ని నాలుగు మడతలు వేసి, పెడళ్ల కింద తానే పరిచింది. అత్త చేసిన మర్యాద. అతను దులపడానికైనా దాన్ని కదిలించలేదు.

ఒక మధ్యాహ్నం సంగీతకు నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సును పిలుద్దామన్న మాట తిరుపతి నోటిదాకా వచ్చింది. వాడకట్టు గడపల్లో నిలబడి చూస్తోంది. మాట మింగేసి, సంగీతను, కట్టమ్మను వెనక ఎక్కించుకుని కారు తీశాడు. దారి పొడవునా అద్దంలో భార్య ముఖం చూడడం, ముందుకు చూడడం, చెమట తుడుచుకోవడం. ఎత్తు రానే వచ్చింది. కారు కాసేపు ఎక్కి, మూలిగింది.

"ఎక్కుతదా?" అంది సంగీత పళ్లు బిగించి.

"ఎక్కుతది" అన్నాడు. అతని గొంతు కూడా పైకి ఎక్కలేదు.

సరిగ్గా పెళ్లివాళ్లు దిగిన చోటే ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేకు గుంజి పట్టుకున్నాడు. నిండు గర్భిణిని దించి నడిపించాలా? ఎవరిని తోయమనాలి?

వెనక నుంచి కట్టమ్మ అంది: "అల్లుడా, ఉమ్మనీరు పోయింది. గుడ్డలన్నీ తడిసినయి. గా బొంత ఇటియ్యి."

కాళ్ల కింది నుంచి లాగి ఇచ్చాడు. మళ్లీ స్టార్ట్ చేసి ఎక్సిలేటర్ తొక్కాడు. కాలు ఎన్నడూ చూడని లోతుకు పోయింది. కారు ఒక్క గెంతు గెంతి, కోసిన సైలెన్సర్‌తో అడవంతా దద్దరిల్లేలా ఎత్తు మీదికి ఉరికింది.

రెండు నొప్పుల మధ్యన సంగీత అడిగింది: "గింత ఉరికేదాన్ని ఇన్నొద్దులు ఎందుకట్ల నడిపినవ్?"

దవాఖాన గేటు కనిపించేదాకా తిరుపతి ఎక్సిలేటర్ మీది కాలు ఎత్తలేదు.

ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. చూడవచ్చిన మధుకర్ ఎట్ల ఎక్కిందన్నా అని అడిగితే, పక్కనే ఉన్న అత్తను చూసి, అంతా సైలెన్సర్ మహిమ అన్నాడు తిరుపతి. ఆ మాట కాటారంలో కిరాయి కార్లు ఆగే అడ్డాకు పాకింది. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు పోయి తమ సైలెన్సర్లూ కోయించుకొచ్చారు.

ఇల్లు చేరిన కొన్నాళ్లకు కట్టమ్మ వేడినీళ్లలో ఉతికిన బొంతకు ఇంకో చీర కలిపి కుట్టి తెచ్చింది. కారు వైపు నడవబోతుంటే తిరుపతి అడ్డం వచ్చాడు.

"బిడ్డ కింద ఏద్దాం అత్తమ్మా. నా కాళ్లకేంది, చెప్పులున్నయిగా."

అల్లుడి ప్రేమకు కట్టమ్మ కళ్లు చెమర్చాయి. పసిపిల్లను బొంత మీద పడుకోబెట్టి జోకొట్టారు. కళ్లు మూతపడుతున్నాయనగా కోసిన సైలెన్సర్‌తో ఎవరి కారో ఇంటి ముందు నుంచి పోయింది. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. సంగీత భర్త వైపు చూసింది. తిరుపతి చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడిచాడు.