ఉప్పు కాపడం, నొప్పి పట్టీ

విజయనగరంలో నా భార్యకు నడుం నొప్పి వైద్యం చేసిన ప్రైవేటు ఆసుపత్రికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. గజపతినగరంలో బస్సెక్కి నేనే వెళ్తే, కౌంటరులో కూర్చున్న అమ్మాయి తలెత్తకుండా సలహాల పెట్టె చూపించింది. నాలుగో ఉత్తరం అందులో వేశాను. దాని తాళం తుప్పు పట్టి ఉంది. ఎన్నాళ్ళుగా ఎవరూ తెరవలేదో ఆ తుప్పే చెప్పింది. అందుకే ఇక్కడ, అందరూ చదివేచోట రాస్తున్నాను.

నా భార్య నొప్పి ఏ మాత్రకూ లొంగలేదు. చివరికి అక్కడి డాక్టరు భుజం కింద, వీపు మీద ఒక పట్టీ అంటించాడు. మందు చర్మంలోంచి కొద్దికొద్దిగా దిగుతుందనీ, వారం దాకా తీయొద్దనీ చెప్పాడు. ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా అని అడిగాను. ఆయన అప్పటికే తర్వాతి వాళ్ళను పిలిచేశాడు. అది నేను మరిచిపోను.

మూడో రోజు ఆదివారం. నొప్పి వీపంతా పాకిందని ఆమె మూలిగింది. నేను నౌపడలో పుట్టినవాణ్ణి. మా నాన్న ఉప్పుమడుల్లో పనిచేశాడు. మా ఇంట్లో ఏ నొప్పికైనా మొదటి మందు కల్లుప్పే. మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి, పాత పంచె ముక్కలో మూటకట్టి, మధ్యాహ్నమంతా కాపడం పెట్టాను. నడుం మీదా, వెన్ను పొడుగునా, భుజాల కిందా. పట్టీ ఊడిపోకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుని మరీ పెట్టాను. హాయిగా ఉందని చెప్పి ఆమె నిద్రపోయింది.

నాలుగింటికి కాఫీ పెట్టి లేపాను. లేవలేదు. శ్రీకూర్మం నుంచి చూడ్డానికి వచ్చిన మా వదిన, అంటే ఆమె అక్క, నన్ను కసిరింది.

"పడుకోనీ మరిదీ. ఎన్నాళ్ళకి కన్ను మూసినాదో."

ఆ నిద్ర నాకు నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె గురక వింటున్నాను. అదిప్పుడు ఒకసారి వచ్చి, ఆగి, ఇక రాదేమో అనుకున్నాక మళ్ళీ వస్తోంది. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ఎనిమిది. ఇంకోసారి లెక్కపెడితే ఏడు. వదినకు చెబితే నవ్వింది.

"కరెంటోళ్ళకి కాయితం, పంచాయితీకి కాయితం. ఇప్పుడు ఊపిరి మీద కూడా కాయితం రాస్తావేటి?"

పొద్దు వాలేసరికి ఆమె మొహం పాలిపోయింది. ఆసుపత్రిలో ఎవరి కళ్ళో పడ్డాయని తేల్చి, వదిన గుప్పెడు ఎండుమిరపకాయలూ ఉప్పూ చేతబట్టి ఆమె చుట్టూ మూడుసార్లు తిప్పి, మంచం పక్కనే నిప్పుల మీద వేసింది. గది ఘాటుతో నిండిపోయింది. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గింది. నేను గోడ పట్టుకుని దగ్గాను. గుమ్మంలో నిలబడిన పక్కింటావిడ కూడా దగ్గుతూ బయటికి పోయింది.

నా భార్య దగ్గలేదు.

"సూసినావా? మనకి ఘాటెక్కింది గానీ దానికి ఏటీ అవనేదు. దిష్టి ఎంత గట్టిగా పట్టేసినాదో," అంది వదిన.

పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో దగ్గే మనిషి ఆమె. దగ్గరికి వెళ్ళి పెదవులు చూశాను. నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఊపిరి నిమిషానికి ఐదు. 108కి ఫోన్ చేశాను. అది వచ్చేదాకా ఆమెను కుదుపుతూ, పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. పిలిచినప్పుడల్లా ఒక ఊపిరి తీసేది. పిలవడం ఆపితే అదీ ఆగేది.

ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ కంటిపాపలు చూసింది. ఒంటి మీద ఏదైనా పట్టీ ఉందా అని అడిగింది. వీపు చూపించాను. లాగి పారేసి, విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, అప్పుడు నా వైపు తిరిగింది.

"దీని మీద వేడేమైనా పెట్టారా అంకుల్?"

వెనకనుంచి వదిన చెప్పింది, ఉప్పు కాపడమని.

"వేడికి మందు ఒక్కసారిగా దిగిపోతాది. మీకెవరూ సెప్పనేదా?" అంది డాక్టరమ్మ.

మర్నాడు ఆమె కళ్ళు తెరిచాక, ఆ డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి వివరించింది. ఊపిరి కండరాలను కదిపే నాడీకణాలు మెదడు అడుగునా, మెడలోని వెన్నుపాములోనూ ఉంటాయట. వాటి చురుకు ఎప్పుడూ ఒకే తీరున ఉండదట. ఒళ్ళు తయారుచేసుకునే పెప్టైడులనే చిన్న రసాయనాలు కొన్ని వాటిని తట్టి లేపుతాయి, కొన్ని జోకొడతాయి. లేపేవాటిలో ఒకదాని పేరు సబ్‌స్టెన్స్ పి. ఇంత పని చేసేదానికి సరైన పేరైనా పెట్టలేదు. మిరప మంటను నరాల్లో మోసేవాటిలో కూడా అదొకటట. పట్టీలో ఉన్న మందు జోకొట్టేవాటి స్థానంలో కూర్చుంటుంది. నొప్పితోపాటు దగ్గునూ, ఊపిరినీ కూడా జోకొడుతుంది. మందు మోతాదు దాటడంతో అంత ఘాటు కూడా ఆమెను లేపలేకపోయింది. ఇన్నాళ్ళలో నా ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పింది ఆవిడొక్కతే.

మరి మళ్ళీ పట్టీ పెట్టొచ్చా అని అడిగితే మాత్రం, పెట్టినవాళ్ళనే అడగమంది.

ఇప్పుడు నొప్పి తిరిగొచ్చింది. ఆమె గోడవైపు తిరిగి పళ్ళు బిగించుకుని పడుకుంటుంది. నిన్న అడిగింది, "ఆ పట్టీ పెట్టీయండి, కాపడం మానీయండి, అయిపోనాది కదా." ఆమెకు అంత సులువుగా ఉంది. ఆమె ఊపిరి ఆగడం ఆమె వినలేదు, నేను విన్నాను. ఉప్పు మూట పట్టుకున్న ఈ చేత్తో ఇంకో పట్టీ అంటించలేకపోతున్నాను. ఆమె కునుకు తీసినప్పుడల్లా గడియారం పట్టుకుని పక్కన కూర్చుంటున్నాను.

ఆ డాక్టరు ఇచ్చిన పట్టీలు బీరువాలో ఇంకా మూడు ఉన్నాయి. పెట్టకపోతే ఆమె నొప్పి చూడలేను. పెడితే నేను కన్ను మూయలేను. ఆసుపత్రివారినే అడుగుతున్నాను, ఊపిరి ఎంతకు తగ్గితే భయపడాలి? ఎండలో నడిస్తే, జ్వరం వస్తే, వేణ్ణీళ్ళు పోసుకుంటే ఏమవుతుంది? పట్టీలతోపాటు మీరిచ్చిన కాగితంలో వేడి అన్న మాట ఒక్కచోటా ఎందుకు లేదు? తప్పు నా చేతిదే అంటారా, అదైనా రాసి పంపండి, ఒప్పుకుంటాను. కానీ ఆ పట్టీ పెట్టాలో వద్దో మాత్రం, దాన్ని మొదట అంటించిన డాక్టరే నాకు చెప్పాలి. ఆ పెట్టె తాళం తీయించి నా ఉత్తరం చదవండి. జవాబివ్వండి.