అమ్మ ఏడవని రోజు

ఉప్పల్ మెట్రో మెట్లు దిగేసరికి కింద బోనాలకని వేపమండలు అమ్ముతున్నారు. వానకు తడిసిన ఆ చేదు వాసన, పక్క గంపలోని పసుపు కొమ్ముల వాసనతో కలిసి, ఆఫీసులో పొద్దంతా ఒకరి కోపానికీ ఇంకొకరి అలకకూ సర్దిచెప్పి అలసిపోయిన నన్ను కాసేపు అక్కడే నిలబెట్టేసింది.

నా చిన్నతనమంతా నాచారంలోనే గడిచింది. ఒకే వాకిలి చుట్టూ నాలుగిళ్లు, మధ్యలో ఒక నల్లా. నాన్న గుంటూరు వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి అక్కడ చేరాడు. ఆషాఢం వచ్చిందంటే ఆ వాకిలంతా బెల్లపన్నం ఉడికే వాసన, కొత్త సున్నం వాసన, గోటీలాడే పిల్లల గోల, ఎక్కడో దూరంగా డప్పులు. పక్కింటి యాదమ్మత్త అన్నానికి పిలిచినా పోట్లాటకు పిలిచినట్టే ఉండేది. నాన్నకు భయం వేస్తే కోపం వచ్చేది. నాకు జ్వరమొస్తే ముందు తిట్టి, ఆ తర్వాత భుజాన వేసుకుని దవాఖానాకు పరిగెత్తేవాడు. అమ్మ గొంతు మాత్రం పక్క గదిలోకి కూడా వినపడేది కాదు. అరిచేవాళ్లకు మనమంటే పడదనీ, మాట్లాడనివాళ్లకు మన సంగతే పట్టదనీ అనుకునే వయసు నాది.

ఒక బోనాల నాడు తమ్ముడు అమ్మ చెయ్యి విడిపించుకుని జాతర గుంపులో తప్పిపోయాడు.

"పిల్లాడి చెయ్యి పట్టుకోవడం కూడా రాదా నీకు?" అని నాన్న వాకిట్లో అందరి ముందూ అరిచి, సైకిలెక్కి మల్కాజిగిరి వైపు పోయాడు. యాదమ్మత్త తన మొగుణ్ని తిట్టి ఉప్పల్ దిక్కుకు తరిమింది. అమ్మ గడప మీద కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరసాగింది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది.

చూడవచ్చిన ఒకామె, "ఏం తల్లివమ్మా, కండ్లల్ల నీళ్లన్న రావాయె," అంది. అమ్మ తలెత్తలేదు. నాకూ లోపల అదే ప్రశ్న.

యాదమ్మత్త బిందె దించి, ఎప్పుడూ లేనంత మెల్లగా అంది: "ఆమెను జర ఒదిలిపెట్టుండ్రి. కొందరికి ఏడుపు బయటికి రాదు. ఆమె కడుపుల ఏడుస్తున్నది."

తర్వాత అమ్మ పక్కన కూర్చుని తనూ ఆ బియ్యమే ఏరింది.

దీపాలు పెట్టే వేళకు యాదమ్మత్త మొగుడు తమ్ముణ్ని ఎత్తుకొచ్చాడు. ఉప్పల్ చౌరస్తాలో చాయ్ కొట్టతను వాణ్ని బల్ల మీద కూర్చోబెట్టి ఉంచాడట. అత్త వాడి వీపు మీద ఒక్కటేసి, వెంటనే కావలించుకుని గొల్లుమంది. అప్పుడే వచ్చిన నాన్న నల్లా గట్టు మీద కూలబడ్డాడు. అమ్మ అన్నం కలిపి వాడి నోటి దాకా తెచ్చింది కానీ, ముద్దంతా ఒళ్లో రాలిపోయింది.

తెల్లారేసరికి అమ్మకు ఒళ్లు కాలిపోయే జ్వరం. నాన్న పక్కనే కూర్చుని నుదుట తడిగుడ్డ వేస్తూ తిడుతూనే ఉన్నాడు, జ్వరాన్నో, తనను తానో. ఆ తిట్లకు నాకు మొదటిసారి భయం వేయలేదు.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, ఆ చోట అపార్ట్‌మెంటు లేచింది. నాగోల్‌లో మేముండేదీ అలాంటి దాంట్లోనే. మొన్న మా ఎదురింటాయన పోయారని ఫోన్‌లో అపార్ట్‌మెంటువాళ్ల గ్రూపు చూస్తే తెలిసింది. అందరూ దండం పెట్టే బొమ్మే పెట్టారు, నేనూ అదే పెట్టాను. సాయంత్రం వెళ్లి తలుపు కొడితే ఆయన భార్య తీసింది. ఏం మాట్లాడాలో, ఊరికే పక్కన కూర్చోవాలో తోచక గుమ్మంలోనే నిలబడ్డాను. ఇన్నేళ్లు ఎదురెదురుగా ఉన్నా, ఆమె ఏడ్చే మనిషో, ఏడవలేని మనిషో నాకు తెలియదు.