మసి చూడ్డానికి వచ్చిన సారు

మా అమ్మ దృష్టిలో నాది ఉద్యోగమే కాదు. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఎవరైనా అడిగితే, కాలేజీలో పాఠాలు చెబుతుంది, మిగతా టైములో ఊళ్ళోవాళ్ళ గొడవలు వింటుంది అనేది. సమాజశాస్త్రానికి ఇంతకంటే సూటైన నిర్వచనం నాకు ఏ సెమినార్‌లోనూ దొరకలేదు. కుర్రకారు చేసే ఉద్యమాల మీద నా పరిశోధన. అందులోనూ నా పద్ధతి వేరు. బస్తీ సమస్య మీద బస్తీవాళ్ళే పరిశోధన చేసుకోవాలి. ఏం వెతకాలో, ఎలా వెతకాలో వాళ్ళే తేల్చుకోవాలి. నేను పక్కన నిలబడి నోరు మూసుకోవాలి. నోటిదురుసు మనిషిని, ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

సెల్‌ఫోన్లలోకి అప్పుడప్పుడే కెమెరాలు వస్తున్న రోజులవి. ఊరి శివారున ఫ్యాక్టరీల పక్కనున్న బీర్‌గావ్‌లో ఒక వీధి పిల్లలు ఫ్యాక్టరీ మసి సంగతి తేల్చాలని పట్టుబట్టారు. మసి రాత్రిపూట రాలేది. తెల్లారేసరికి డాబాలు, నీళ్ళ డ్రమ్ములు, ఆరేసిన బట్టలు అన్నీ నల్లబడేవి. పగలు మాత్రం చిమ్నీలు బుద్ధిమంతుల్లా ఉండేవి. ఈ పిల్లలకు నాయకురాలు శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలో అమ్మాయి, బీయస్సీ చదువుతోంది. వాళ్ళు తీసిన ఫొటోలు చూసి, కాలుష్యం సంగతి చూసే అధికారి ఇవి ఎక్కడివైనా కావచ్చన్నాడు. తానే వచ్చి చూస్తానని, మసి కనిపిస్తే ఫ్యాక్టరీకి నోటీసు, లేకపోతే ఫైలు మూసేయడమేనని తేల్చేశాడు. ఆయన్ని రప్పించడానికి ఆ పిల్ల వానలు వెళ్ళి చలి వచ్చేదాకా ఆఫీసు చుట్టూ తిరిగింది.

ఆయన వచ్చే పొద్దున నేను వెళ్ళేసరికి వీధి మెరిసిపోతోంది. తల్లులందరూ చీకటితో లేచి డాబాలు ఊడ్చి, కడిగేశారు. డ్రమ్ములు తోమేశారు. గుమ్మాల్లో ముగ్గులు. ఒకావిడ తులసి ఆకులు ఒక్కొక్కటే తుడుస్తోంది. ఆ బీయస్సీ పిల్ల తమ గుమ్మంలో కూలబడి ఉంది. తల్లి నాకు నవ్వుతూ ఎదురొచ్చింది.

"పెద్ద సాహెబ్ వస్తన్నారు కదమ్మా. ఈ గందగీ చూపిస్తే మా ఇజ్జత్ ఏటవుతాది?"

"ఆయనొచ్చేదే మసి చూడ్డానికే అమ్మా," అంది కూతురు ఏడుపు గొంతుతో.

"చూస్తే చూడనీ. మనింట్లో కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పద్ధతి గుర్తొచ్చి పళ్ళు బిగించుకున్నాను.

అధికారి కారు దిగాడు. వీధి ఇరుకు కావడంతో డ్రైవరు కారును చుట్టూ తిప్పి వెనకవైపు ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాడు. అధికారి డాబా ఎక్కి పిట్టగోడ మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలు శుభ్రంగా ఉంది. ఆ వేలినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత కుర్చీ వేశారు, పకోడీలు పెట్టారు, టీ ఇచ్చారు. రాయ్‌పూర్ మొత్తంలో ఇంత శుభ్రమైన వీధి చూడలేదని ఆయన హిందీలో మెచ్చుకుంటే తల్లి మొహం వెలిగిపోయింది. కూతురు తల వంచుకుని కళ్ళు తుడుచుకుంది. నిజం చెప్పాలంటే నాకూ ఏడుపొచ్చింది.

ఆయన్ని సాగనంపడానికి అందరం వెనకవైపుకి నడిచాం. కారు పక్కన ఒక నల్లటి గుట్ట ఉంది, దాదాపు కారంత ఎత్తు. అధికారి ఆగిపోయాడు. అనుమతి లేకుండా ఇక్కడ బొగ్గు నిలవ చేసిందెవరని గద్దించాడు.

తల్లి పరుగున వెళ్ళి గుట్టకు అడ్డంగా నిలబడి కొంగు పరిచింది. అటు చూడొద్దని ఆయన్ని బతిమాలింది. సిగ్గుతో చచ్చిపోతోంది పాపం. కూతురు మాత్రం ఒక్కసారిగా తలెత్తింది.

"అది బొగ్గు కాదు సర్. పొద్దున్న మా వీధంతా ఊడ్చిన మసి."

ఆయన వంగి గుప్పెడు తీసుకుని వేళ్ళతో నలిపాడు. కడిగిన వీధివైపు ఒకసారి, గుట్టవైపు ఒకసారి చూశాడు. డ్రైవరు చేత ఒక సంచీ నింపించి కారులో పెట్టించాడు.

నోటీసు వెళ్ళింది. పిల్లలు డప్పు కొట్టారు, మిఠాయిలు పంచారు. నేను వెళ్ళేసరికి ఆ తల్లి మాత్రం ముభావంగా కూర్చుని ఉంది. ఏమైందని అడిగాను.

"వీధంతా అద్దంలా కడిగేం కదమ్మా," అంది. "ఆ సాహెబ్ మా చెత్త సంచీలో ఎట్టుకుని ఎలిపోయేడు."