చీకట్లో పసుపెక్కిన ప్లాస్టిక్

పోయిన వారం నేనొక సప్లయర్ కొంప ముంచబోయాను. ఎందుకో వింటే నాకు టీ కూడా పొయ్యరు మీరు.

స్టుట్‌గార్ట్ పక్కన మా కంపెనీలో కార్ల ఛార్జింగ్ బాక్సులు చేస్తాం. వాటి తెల్ల మూత ఎన్నేళ్ళకి రంగు మారుతుందో ముందే చెప్పడం నా పని. అన్నేళ్ళు ఆగలేం కాబట్టి ప్లాస్టిక్ ముక్కల్ని ఎండకంటే తీక్షణమైన దీపాల కింద పెట్టి, ప్రతి గురువారం ఎంత పసుపెక్కాయో మీటరుతో కొలుస్తాం. పోల్చుకోవడానికి కొన్ని ముక్కలు చీకటి డ్రాయరులో ఉంటాయి. వాటికేం కాకూడదు.

వాటికే అయింది. దీపాల కిందవి నిక్షేపంగా ఉంటే, డ్రాయరులోవి వారం వారం పసుపెక్కుతున్నాయి. కంటికి ఆనదు గానీ మీటరు ఊరుకోదుగా. గ్రాఫు గీసి, ప్లాస్టిక్‌లోనే తేడా ఉందని తేల్చేశాను. సరుకు ఆపేస్తున్నాం, వివరణ ఇవ్వండని సప్లయర్‌కి మెయిల్ కొట్టాను. వాళ్ళది చిన్న ఫ్యాక్టరీ, మా ఆర్డరు మీదే బతుకుతోంది. గురువారం రెండింటికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని ఓనరే బయల్దేరాడు.

ఆ ఉదయం వైష్ణవి వచ్చింది. వరంగల్ అమ్మాయి, జీగెన్ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతూ మా దగ్గర థీసిస్ చేస్తోంది. డ్రాయరు ముక్కొకటి పొరపాటున వారం రోజులు కిటికీలో వదిలేసిందట. భయపడుతూ కొలిస్తే, పెరగాల్సిన పసుపు తగ్గిందట.

"మా అమ్మ బట్టల మీది పసుపు మరకల్ని ఎండల వేసి పోగొడ్తది ఆంటీ. అచ్చం గట్లనే పోయింది."

ఆఫీసులో ఆంటీ అనొద్దని చెప్పడానికి నోరు తెరిచి, నా గోళ్ళ వంక చూసుకున్నాను.

గురువారం నా డబ్బాలో పులిహోర ఉంటుంది. చేత్తోనే తింటాను. దీపాల కింద ముక్కలు వేడిగా ఉంటాయని పొద్దున్నే గ్లోవ్స్‌తో తీస్తాను. డ్రాయరువి లంచ్ అయ్యాక, వట్టి చేత్తో. కడుక్కున్న చేత్తోనే లెండి. కొలిచే వరస చీటీలు తీసి కలిపెయ్యాలి, లేకపోతే మోసపోతాం అని వైష్ణవికి గంటసేపు క్లాసు పీకింది కూడా నేనే.

బాస్‌కి చెప్పాను. ఆయన నవ్వలేదు, నిరూపించమన్నాడు. గ్లోవ్స్ వేసుకుని, వేసుకోకుండా. పులిహోరకి ముందు, తర్వాత. నాలుగు రకాలుగా కొత్త ముక్కలు పట్టుకున్నాను. ఏ ముక్క ఏ రకానికో ఈసారి చీటీలు తీశాం. వెంటనే మీటరుతో కొలిస్తే, పులిహోర తిని వట్టి చేత్తో పట్టుకున్నవే పసుపెక్కాయి.

రెండింటికి ఓనరు ల్యాప్‌టాప్ తెరిచేలోపే ఒప్పేసుకున్నాను. ఆయన ల్యాప్‌టాప్ మళ్ళీ సంచిలో పెట్టేశాడు. "అయితే మా ప్లాస్టిక్ బాగున్నట్టేనా?" అన్నాడు.

"మీ ప్లాస్టిక్ బాగుంది. నేనే బాగాలేను," అన్నాను.

రిపోర్టులో 'దిద్దుబాటు చర్య' అని ఒక గడి ఉంటుంది. ఏం రాయమంటారని వైష్ణవి అడిగింది. గ్లోవ్స్ అందామంటే ఆ రూలు ల్యాబ్ తలుపు మీద ఎప్పట్నుంచో ఉంది, కింద నా సంతకంతో.

స్పూను అని రాయమన్నాను.