రెండో డివిజన్‌లో మా ఆవిడ ఆడిన వేసవి

మా ఆవిడ రగ్బీ లీగ్ ఆడిన మొదటి వేసవిలో నేను ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళాను. ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. బంతి పట్టుకుని పరుగెత్తుకొచ్చే మనిషి మీదికి ఆమె దూకబోతున్నప్పుడల్లా నా చూపు గడ్డి మీదికో, పక్కవాళ్ళ బూట్ల మీదికో దిగిపోయేది. చప్పుడు మాత్రం వినిపించేది. తర్వాత తలెత్తి, ఆమె లేచిందా లేదా అని వెతుక్కునేవాణ్ణి.

అప్పటికి మేం ఐర్లండ్‌లోని ఎన్నిస్ అనే ఊరికి వచ్చి నాలుగేళ్ళు. పక్క ఊరు షానన్‌లో వైద్య పరికరాలు చేసే ఫ్యాక్టరీలో నేను ఇంజనీర్ని. రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేస్తాం. ఆ గొట్టం ఎక్కడ విరగొచ్చు, విరిగితే మనిషికి ఏమవుతుంది అని ముందుగానే ఊహించి రాయడం నా పని. పొద్దుటినుంచి సాయంత్రందాకా అదే ఆలోచించేవాడికి ఇంటికొచ్చాక ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? మా ఆవిడ అలా కాదు. ఆమెది నల్గొండ వైపు. కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడింది, యూనివర్సిటీ జట్టుదాకా వెళ్ళింది. పెళ్ళయ్యాక, పాప పుట్టాక, మందుల కంపెనీ లేబొరేటరీలో ఉద్యోగం వచ్చాక ఆ సంగతి మేమిద్దరమూ మరిచిపోయాం. లేదా నేనొక్కణ్ణే మరిచిపోయాను.

ఒక శనివారం సూపర్‌మార్కెట్ గోడ మీద కాగితం చూసింది. ఆడవాళ్ళ రగ్బీ లీగ్ జట్టుకి మనుషులు కావాలి, ముందు ఆడి ఉండక్కర్లేదు అని ఉంది. ఫోటో తీసుకుంది. బుధవారం ట్రైనింగుకి వెళ్ళి, మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చి, వాకిట్లోనే నిలబడి నవ్వింది. అంత గట్టిగా నవ్వడం నేను చాలా ఏళ్ళుగా వినలేదు.

"గిది కబడ్డీనే. బంతి ఒక్కటే ఎక్కువ. నేను వాళ్ళ కాళ్ళు పట్టిన. ఒక్కతి గూడ తప్పించుకోలే."

"నీకిప్పుడు ముప్పై మూడు. కబడ్డీ ఆడినప్పుడు పంతొమ్మిది," అన్నాను.

"అయితే?"



ఆట నాకు అర్థమైనంతవరకు చెబుతాను. జట్టుకి పదమూడు మంది. బంతి ఉన్న మనిషిని ఎదుటివాళ్ళు పట్టి పడేస్తారు. ఆమె లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తే, తనవాళ్ళు అందుకుని మళ్ళీ ముందుకొస్తారు. అలా ఆరుసార్లు పడేస్తే బంతి చేతులు మారుతుంది. అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే నాలుగు పాయింట్లు. తర్వాత దాన్ని గోలు స్తంభాల మధ్యనుంచి తంతే ఇంకో రెండు. మా జట్టు రెండో డివిజన్‌లో ఉంది. ఆ డివిజన్‌లో మొదటి స్థానం వచ్చిన ఒక్క జట్టే పైకి వెళ్తుంది. మా వాళ్ళు అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు.

మొదటి మ్యాచ్‌లోనే మా జట్టులో ఒకామెకి భుజం దగ్గర ఎముక విరిగింది. ఎండుకొమ్మ విరిచినట్టు వినిపించింది. ఆమె ఊళ్ళోని ప్రైమరీ స్కూల్లో టీచరు. నేల మీద కూర్చుని, పాలిపోయిన మొహంతో, "ఐయామ్ గ్రాండ్, ఐయామ్ గ్రాండ్," నాకేం కాలేదు అని ఇక్కడివాళ్ళనే మాట, అంటూనే ఉంది. ఆ రోజు ఇంటికి కారు చాలా నెమ్మదిగా నడిపాను. మా ఆవిడ పక్క సీట్లో అరటిపండు తింటోంది.

ఆ మ్యాచ్ ఓడిపోయారు. తర్వాత వరసగా గెలవడం మొదలుపెట్టారు. మా ఆవిడ ఎడమ అంచున ఆడేది. పొట్టి మనిషి. ఎదుటివాళ్ళు ఆమెను చూసి ఇటే దారి సులువనుకుని వచ్చేవాళ్ళు. ఆమె కిందికి వంగి చీలమండలు పట్టేసేది. వాళ్ళు చెట్టు కూలినట్టు కూలేవాళ్ళు. కోచ్ యాభై దాటిన మనిషి, తనూ ఒకప్పుడు ఆడినామె. ఆవిడ నా దగ్గరికొచ్చి, "మీ ఆవిడ లాంటిది ఒక్కతి దొరకాలని ఎన్నేళ్ళు చూశానో," అంది. నేను నవ్వాను. ఇక ఆమెను వదలరు అని అర్థమైంది.

ఆగస్టులో లిమరిక్‌లో తెలిసినవాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతం. తోరం కడుతూ ఆ ఇంటి ఆంటీ మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. మణికట్టు నుంచి మోచేతిదాకా నల్లగా కమిలిన వేళ్ళ గుర్తులు. ఆంటీ తోరం కట్టి, ఆమెను పక్కకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడి, కాసేపటికి నన్ను వంటింట్లోకి పిలిచింది.

"బాబూ, ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ అమ్మాయి చెయ్యి ఎవరు పట్టుకుంటే అలా అయింది?"

"ఆట, ఆంటీ. రగ్బీ ఆడుతుంది."

"ఆటా?" నా మొహంలోకి చాలాసేపు చూసింది. "ఏదన్నా ఉంటే పోలీసులకి, అదే గార్డ్స్‌కి, ఫోన్ చెయ్యమని తనకి చెప్పాను. నీకూ చెబుతున్నాను."

కారెక్కాక ఆ మాట చెప్తే మా ఆవిడ పడీపడీ నవ్వింది. "మా టీమ్‌ల ఒకామె గార్డే. ఆమెనే పట్టింది గీ చెయ్యి, ట్రైనింగ్‌ల." నాకు నవ్వు రాలేదు. ఆ గుర్తులు చూసి ఒక పరాయి మనిషి ఎంత భయపడిందో, నేను రోజూ అంతే భయపడుతున్నాను. ఆంటీకి కనీసం అడగడం చేతనైంది.

చివరి రెండు మ్యాచ్‌లు మిగిలాయి. మొదటిది కార్లో అనే ఊళ్ళో. పాపను కూడా తీసుకెళ్ళాను. దానికి ఏడేళ్ళు. రెండో సగంలో ఎదుటి జట్టులో బాగా పొడుగున్న అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మా ఆవిడ వంగింది. ఎందుకో ఆ ఒక్కసారి నేను చూపు తిప్పుకోలేదు. ఆ అమ్మాయి మోకాలు మా ఆవిడ కణతకి తగిలింది. ఇద్దరూ పడ్డారు. అదే సమయంలో మైదానం అవతలి పక్కన ఇంకొకరికి ముక్కునుంచి రక్తం కారుతుంటే, ప్రథమ చికిత్స చేసే మనిషి అటు పరుగెత్తింది. మా ఆవిడ లేచింది. రెండడుగులు పక్కకి వేసి, ఆగి, తన చోటికి నడిచింది. చివరిదాకా ఆడింది. గెలిచారు. ఇంకొక్కటి గెలిస్తే మొదటి డివిజన్.

ఇంటికి బయల్దేరాం. ఊరు దాటాక ఆమె అడిగింది: "పాపను తీస్కరాలే?"

వెనక సీట్లోంచి పాప, "మమ్మీ, ఐయామ్ హియర్!" అంది.

"ఆఁ," అని నవ్వింది. పది నిమిషాలయ్యాక కిటికీలోంచి చూస్తూ మళ్ళీ, "పాప ఏది? ఎవలింట్ల వదిలిపెట్టినవ్?"

ఈసారి పాప మాట్లాడలేదు. అద్దంలో దాని మొహం చూశాను. పెట్రోల్ బంకు కనిపిస్తే కారు పక్కకి తీసి ఆపాను.

"ఇవాళ ఎవరితో ఆడారు?"

"గదే... వాళ్ళతోనే."

"ఎంతకి గెలిచారు?"

చాలాసేపు ఆలోచించింది. "యాదికొస్తలేదు. ఎందుకట్ల చూస్తున్నవ్? జర తల నొస్తుంది, గంతే."

పాప ఏడవడం మొదలుపెట్టింది. నేను ఇంకేమీ అడగకుండా దారిలో ఉన్న ఆసుపత్రికి పోనిచ్చాను. అక్కడ ప్లాస్టిక్ కుర్చీల్లో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నంతసేపూ, స్కాన్ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూసేవాణ్ణి. ఎట్టకేలకు చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె బయటికొచ్చింది. లోపల రక్తం కారడం లేదు, కానీ మెదడు బాగా అదిరింది, పూర్తిగా తగ్గిందని డాక్టరు చెప్పేదాకా ఆట మాటే ఎత్తకూడదు, ఈలోగా రెండో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం అని చెప్పి ఉత్తరం రాసిచ్చింది.

ఇంటికొచ్చాక ఆ ఉత్తరాన్ని మా ఆవిడ వంటింటి అలమారాలో, పప్పు డబ్బాల వెనక పెట్టింది.

"వచ్చే ఆదివారం ఒక్కటే మ్యాచ్," అంది. "గదైతే సీజన్ అయిపోతది. తర్వాత ఎన్ని నెలలంటే అన్ని నెలలు ఇంట్ల కూసుంట. కోచ్‌కు చెప్పకు."

"డాక్టర్ ఏం చెప్పిందో విన్నావుగా."

"విన్న. నువ్వు చెప్తే మాత్రం నీతోని మాట్లాడ. నిజంగనే మాట్లాడ."

అలాంటి మాట ఆమె అంతకుముందు ఎన్నడూ అనలేదు.

ఆ వారమంతా నేను ఆమెను కాపలా కాసినట్టు చూశాను. మంగళవారం స్టవ్ మీద ఖాళీ గిన్నె పెట్టి మరిచిపోయింది. కిటికీల కర్టెన్లు పగలు కూడా వేసే ఉంచింది. పాప టీవీ పెడితే చెవులు మూసుకుంది. నేను గదిలోకి రాగానే నిటారుగా కూర్చుని మామూలుగా ఉన్నట్టు మాట్లాడేది. ఆ నటన చూస్తే నాకు ఇంకా భయం వేసేది. చెబితే ఈ మనిషి నన్ను క్షమించదు. చెప్పకపోతే ఆదివారం ఏమవుతుంది? రెంటిలో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేక, ఆఫీసులో స్క్రీన్ ముందు ఊరికే కూర్చునేవాణ్ణి.

గురువారం సాయంత్రం ఆఫీసునుంచి నేరుగా మైదానానికి వెళ్ళాను. ఒంట్లో బాగోలేదని చెప్పి మా ఆవిడ ఆ రోజు ట్రైనింగ్ మానేసిందని తెలుసు. ఇంకా వెలుగుంది. కోచ్ ఒక్కతే గడ్డి మీద ప్లాస్టిక్ కోన్లు సర్దుతోంది. కారు దిగడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒకసారి ఇంజన్ స్టార్ట్ చేసి మళ్ళీ ఆపాను.

చెప్పాను. ఆవిడ చేతిలో కోన్లు అలాగే పట్టుకుని వింది.

"ఆ దెబ్బ నేను చూడాల్సింది," అంది చివరికి. "చూడలేదు. తప్పు నాది." కోన్లు కింద పెట్టి, "ముప్పయ్యేళ్ళ కింద తలకి దెబ్బ తగిలితే నేనూ అలాగే లేచి ఆడాను. అప్పటినుంచి నాకు వాసన తెలియదు. ఇంట్లో ఏదన్నా మాడిపోతున్నా తెలియదు. నా పిల్లలు పుట్టినప్పుడు వాళ్ళ తలల దగ్గర ముక్కు పెడితే ఏమీ తెలియలేదు," అంది.

నేను ఇంటికొచ్చేలోపలే కోచ్ మా ఆవిడకి ఫోన్ చేసి, ఆదివారం ఆడించనని చెప్పేసింది. మా ఆవిడ సోఫాలో కూర్చుని ఉంది. నావైపు ఒకసారి చూసి, లేచి పాప గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. శుక్రవారం, శనివారం ఒక్క మాట లేదు. ఏదన్నా కావాలంటే పాపకి చెప్పేది. పాప నాకు ఇంగ్లీషులో చెప్పేది.

ఆదివారం సొంత మైదానంలో మ్యాచ్. మా ఆవిడ క్లబ్ జాకెట్టు వేసుకుని, ఎండ లేకపోయినా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, గీత పక్కన నిలబడింది. నేను ఆమెకి దూరంగా, పాప చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నన్ను పట్టుకున్న భయం వేరు. ఆమె స్థానంలో కొత్తగా ఆడుతున్న అమ్మాయి పక్కనుంచే ఎదుటివాళ్ళు మొదటిసారి గీత దాటారు. రెండోసారీ అక్కణ్ణుంచే. ఓడిపోతే అది నావల్లే. అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు నావల్లేనని. ఎవరూ నావైపు చూడకపోయినా అందరూ చూస్తున్నట్టే ఉంది.

మాకు పన్నెండు, వాళ్ళకి పద్నాలుగు. ఇంకా నాలుగైదు నిమిషాలే ఉన్నాయి. అప్పుడు మా గార్డ్ అమ్మాయి కుడి మూలన ముగ్గుర్ని ఈడ్చుకుంటూ పోయి బంతిని నేలకి ఆనించింది. పదహారు, పద్నాలుగు. గోలుకి తన్నిన బంతి పక్కకి పోయింది. మిగిలిన సమయమంతా ఎదుటివాళ్ళు మా గీత ముందే. మావాళ్ళు పడేసిన ప్రతిసారీ జనం గట్టిగా లెక్కపెడుతున్నారు. నాలుగోసారి బంతి ఎడమ అంచుకి వచ్చింది. అక్కడ ఆ కొత్త అమ్మాయి ఒక్కతే.

"కిందికి!" అని మా ఆవిడ తెలుగులో అరిచింది. "కాళ్ళు! కాళ్ళు పట్టు!"

ట్రైనింగ్‌లో ఆమె అరుపులు ఎన్నిసార్లు విన్నదో, ఆ ఐరిష్ పిల్ల కిందికి వంగి చీలమండలు పట్టేసింది. బంతి జారి గీత బయటికి దొర్లింది. ఆట ముగిసిందని రిఫరీ విజిల్ ఊదాడు.

అందరూ మైదానంలోకి పరుగెత్తారు. చెయ్యి పూర్తిగా బాగుపడని టీచరు కూడా పరుగెత్తింది. వాళ్ళు మా ఆవిడను లాక్కెళ్ళి ఫోటోలో మధ్యన నిలబెట్టారు. కోచ్ ఆమె తల మీద ఎవరి చెయ్యీ పడకుండా తన చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. మా ఆవిడ ఏడుస్తోంది. అది సంతోషమో, కోపమో దూరంనుంచి నాకు తెలియలేదు.

ఆమె నాతో మాట్లాడింది బుధవారం. నేను చీకటి గదిలోకి టీ తీసుకెళ్తే, కప్పు అందుకుని, తల ఎత్తకుండా అంది: "ఆదివారం నాకు స్కోరు బోర్డు చదవరాలే. అంకెలు రెండు రెండు కనబడ్డయ్. గేమ్‌ల ఉంటే బంతి గూడ గట్లనే కనబడేది."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"నీ మీద కోపం ఇంకా పోలే," అంది. "పోతది."

పోవడానికి శీతాకాలం దాకా పట్టింది. తలనొప్పులు కూడా అంతవరకూ ఉన్నాయి. వసంతంలో డాక్టరు అన్నీ చూసి, ఇక ఆడొచ్చని రాసిచ్చింది. ఈసారి ఉత్తరాన్ని మా ఆవిడ టేబుల్ మీద నా ముందు పెట్టింది.

"ఫస్ట్ డివిజన్. అక్కడ ఇంకా గట్టిగ కొడతరంట. పోవాల్నా వద్దా?"

వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. "నాకు చాలా భయంగా ఉంది," అన్నాను. ఆమెతో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"నాకు గూడ," అంది. తర్వాత లేచి, బుధవారం ట్రైనింగ్‌కి బూట్లు కడగాలని వెనక తలుపు తీసుకుని వెళ్ళింది.