ఉతకని లంగా

నా చిన్నప్పుడు నాదని చెప్పుకోవడానికి మా ఇంట్లో మూడే ఉండేవి. బాపమ్మ పక్కన పడుకునే చోటు, ఒక నీలం లంగా, నుదుట తెల్ల మచ్చ ఉన్న చుక్క బర్రె. అమ్మ నన్ను కన్న పది రోజులకే పోయింది. నాన్న తల్లి, మా బాపమ్మ, నన్ను పెంచింది. నాన్నను నేను బాపు అనేదాన్ని. బాపు తెల్లవారకముందే పాల క్యానులు సైకిలుకు తగిలించుకుని వెళ్ళి పొద్దెక్కాక వచ్చేవాడు. అందుకని పొద్దున పూట ఇంట్లో బాపమ్మ, నేను, నాలుగు బర్రెలు, అంతే. బాపమ్మ మీద నాకున్న హక్కుకు పోటీ ఎవరూ లేరు.

మాది హుస్సేనీ ఆలంలో ఒక సన్నటి గల్లీ. మా పెరటి గోడకు ఒక చిన్న తలుపు ఉండేది, దాన్ని ఖిడ్కీ అనేవాళ్ళం. దానికి అవతల, నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ ఇల్లు. ఆమె పరదా పాటించే మనిషి, భర్త లేడు. బట్టల మీద జరీ పని చేసి బతికేది. నేను రోజులో సగం ఆ ఇంట్లోనే ఉండేదాన్ని. తెలుగు బాపమ్మ దగ్గర ఎట్లా వచ్చిందో ఉర్దూ ఖాలా దగ్గర అట్లాగే వచ్చింది. రెండూ వేర్వేరు భాషలని బడికి వెళ్ళేదాకా నాకు తెలియదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నవాబు రాజ్యాన్ని తీసేయడానికి పట్నంలోకి ఫౌజు, అంటే సైన్యం, రావడానికి ముందటి ఎండాకాలంలో, ఒక తల్లీ కూతురూ మా ఇంటికి వచ్చారు. జిల్లాలో వాళ్ళ ఊరిని నవాబు వైపు తుపాకులవాళ్ళు తగలబెట్టారు. గాదెల్లో గింజలు అంతకుముందే ఎత్తుకుపోయారు. ఆ పిల్ల తండ్రి వాళ్ళకు ఎదురుతిరిగి అడవిలో ఉన్నాడు. అతన్ని బయటికి రప్పించడానికి భార్యనో పిల్లనో పట్టుకోవాలని వెతుకుతున్నారు. తవుడు కోసం ఉస్మాన్‌గంజ్ బజారుకు వెళ్ళిన బాపు, అక్కడ బస్తాల నీడన పడి ఉన్న ఆ ఇద్దరినీ చూసి బండిలో వేసుకొచ్చాడు. అప్పటికి పట్నంలోనూ గింజ దొరకడం కష్టంగానే ఉంది. రేషను కార్డులో ఎంతమంది పేర్లుంటే అంతమందికే ఇచ్చేవాళ్ళు. ఒక్క ఇంటి గింజల్లో ఇద్దరు కొత్తవాళ్ళు బతకలేరని బాపమ్మ, ఖాలా ఖిడ్కీ దగ్గర నిలబడి పంచుకున్నారు. తల్లి ఖాలా ఇంట్లో, కూతురు మా ఇంట్లో.

"నా జనానాలకు ఏ మొగోడూ కాలు వెట్టడు. ఆమె ఫికర్ నాకొదిలెయ్యి, అక్కా," అంది ఖాలా.

ఆ పిల్లది నా వయసే. మోకాళ్ళు తొడలకంటే లావుగా కనిపించేవి. వచ్చిన రోజు నేను జొన్నరొట్టె ఇవ్వబోతే బాపమ్మ లాగేసుకుని, పలుచటి అంబలి కాచి, మజ్జిగ కలిపి, గరిటెడు గరిటెడు తాగించింది. మాడిన కడుపులో గట్టి తిండి పడితే ప్రాణం పోతుందని నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, నాకు ఎండు రొట్టె, ఆమెకు మజ్జిగ అంబలి. రాత్రి బాపమ్మ పక్కన ఆ పిల్ల పడుకుంది. నాకు బాపు మంచం చూపించారు.

మరుసటి రోజు ఇంకా ఘోరం. బాపమ్మ నా నీలం లంగాను దండెం మీది నుంచి తీసి, ఉతకకుండా, అట్లాగే ఆ పిల్లకు కట్టింది.

ఉతకకుండా ఎందుకో చెప్పాలి. పాడిపశువుల ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతే. చుక్క బర్రె దూడ ఆ ఏడు గడ్డి లేక చనిపోయింది. దూడ లేని బర్రె తెలిసిన మనిషి వాసన తగిలితేనే చేపుతుంది, అంటే పాలు దించుతుంది. కొత్తవాళ్ళు కూర్చుంటే తంతుంది. ఒకసారి బాపమ్మకు జ్వరమొస్తే బాపు ఆమె చీరను ముసుగేసుకుని పాలు పిండాడు. గల్లీ అంతా నెల రోజులు నవ్వింది. చుక్కకు నేనే గడ్డి వేసేదాన్ని, నేనే కడిగేదాన్ని. బాపమ్మ పిండుతుంటే నేను దాని తల దగ్గర నిలబడి, చెంబు నిండేటప్పుడు నిండొచ్చిందని చెప్పాల్సిందే. కాబట్టి నా మాసిన లంగా ఆ పిల్లకు ఇచ్చారంటే బర్రెను కూడా ఇచ్చేసినట్టే.

"పట్నంల ఉత్తగ కూసున్న కొత్త పిల్లను అందరు సూస్తరు. పని జేసే పిల్లను ఎవ్వలు సూడరు," అంది బాపమ్మ.

అది నాకు సాకులా వినిపించింది. నా లెక్కల పుస్తకంలో చివరి పేజీ తీసి, పెన్సిలుతో గీతలు కొట్టి, ఏ రోజు ఏం పోయిందో రాయడం మొదలుపెట్టాను. సోమవారం, పక్క. మంగళవారం, లంగా. బుధవారం, చుక్క. గురువారం, మీగడ. ఆ పిల్లకు మీగడ పెట్టింది నిజానికి ఒక్క వేలంతే. నేను మాత్రం "మీగడ అంతా" అని రాశాను. జీవితమంతా రోజూ రాసుకుంటూ వచ్చానని నన్ను మెచ్చుకునేవాళ్ళకు, ఆ అలవాటు ఇట్లాంటి పేజీతో మొదలైందని నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ పిల్ల చెడ్డది అయినా బాగుండేది. పెట్టిన రొట్టెలో సగం లంగా మడతలో దాచి ఖిడ్కీలోంచి తల్లికి ఇచ్చి వచ్చేది. నన్ను "అక్కా" అనేది. "అక్కా, గీ బర్రెకు నువ్వంటెనే పాణం. నన్ను సూస్తె మూతి తిప్పుకుంటది," అనేది. అట్లా అన్నందుకు కూడా నాకు కోపమే. వారం తిరిగేసరికి, ఆ లంగా కట్టుకుంటే చాలు, చుక్క ఆమె చేతికి కూడా చేపడం నేర్చుకుంది. బాపమ్మ ఆమె వెనక కూర్చుని, ఆ సన్నటి వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి పిండించేది. నాకు అట్లా ఎప్పుడూ నేర్పలేదు. నీకు తొందరేముంది అనేది.

ఒక సాయంత్రం ఆ పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు కొక్కానికి ఉన్న లంగాను తీసి కట్టుకున్నాను. ముడి మీద ముడి వేశాను. "ఇది నాది" అన్నాను. ఆ పిల్ల బాపమ్మ ఉతికి పెట్టెలో దాచిన పాత చీర ముక్క చుట్టుకుని పడుకుంది.

మరునాడు పొద్దున, ఇంకా ఎవరికీ స్నానాలు కాలేదు, బొట్లు లేవు, ఆ పిల్ల చుక్క దగ్గర కూర్చుంది. చుక్క వాసన చూసి పక్కకు జరిగి ఒక్కటి తన్నింది. చెంబు దొర్లింది. బాపమ్మ నా నడుముకున్న లంగా చూసింది. నోరు తెరిచేలోపే వీధి తలుపు దబదబ మోగింది.

నలుగురు వచ్చారు. ముగ్గురి భుజాలకు తుపాకులు. ముందున్న నడివయసు మనిషి చేతిలో కాగితం ఉంది. జిల్లా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను ఇల్లిల్లూ వెతుకుతున్నామన్నాడు. కార్డు అడిగాడు. బాపమ్మ ఇచ్చింది.

"కార్డుల పిల్ల ఒక్కతే ఉందే, అమ్మా. ఈడ రెండు తలకాయలు కనవడ్తున్నయి. ఏది నీది?"

బాపమ్మ నా వైపు చూడలేదు. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది.

"ఇదే నా మనుమరాలు."

"మరి అది?"

అప్పుడు ఖిడ్కీ పరదా వెనక నుంచి ఖాలా గొంతు విసురుగా వచ్చింది. "అరీ ఓ! దూద్ లానే భేజీ తో ఇత్తా దేర్ కైకూ? పాలకు పంపితే ఆడనే జొరబడి తమాషా సూస్తున్నవా?" పరదా పక్కనుంచి చెయ్యి ఒకటి చెంబు చాచింది.

నాకు అప్పుడు అర్థమైంది. ఆ పిల్లకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. ఆమె ఖాలా ఇంటి పిల్లగా ఒక్క నిమిషం కూడా నిలవలేదు. నేను నిలవగలను, నా నుదుట బొట్టు కూడా లేదు. అందుకే బాపమ్మ నన్ను కాదంది. అర్థమైనా కడుపులో మంట తగ్గలేదు. పక్క పోయింది, బర్రె పోయింది, ఇప్పుడు బాపమ్మ కూడా పోయింది. "అబద్ధం, మనుమరాలిని నేను" అన్న మాట నాలుక చివరికి వచ్చింది. ఒక్క మాట చాలు, ఆ పిల్ల నా పక్కలోంచి లేచిపోతుంది. ఎక్కడికి తీసుకుపోతారో కూడా నాకు తెలుసు.

ఆ మనిషి నా ముందు వంగి నా ఇల్లేదని ఉర్దూలో అడిగాడు. "క్యా రీ, తేరా ఘర్ కౌన్‌సా?"

నేను బాపమ్మ చేతిని చూశాను. ఏ బర్రె తన్నినా పొదుగు వదలని ఆ చెయ్యి, ఆ పిల్ల జుట్టును పిడికిట్లో పట్టుకుని ఉంది.

"వో ఘర్," అన్నాను పరదా వైపు చూపించి. "ఖాలా కా." వెళ్ళి చెంబు అందుకున్నాను.

అతను అంతటితో వెళ్ళలేదు. చుక్కను చూసి నవ్వాడు. "మా అమ్మ గూడ బర్రెలనే సాకింది. ఇంటి పిల్ల అయితే బర్రె చెప్తది. పిండనీ, సూస్త."

ఆ పిల్ల కూర్చుంది. చుక్క చెవులు వెనక్కి పెట్టింది. కాలు లేపింది. లంగా నా ఒంటి మీద ఉంది. నిన్న సాయంత్రం నేను వేసిన ముడి మీది ముడి నాకే గుచ్చుకుంటోంది. విప్పి ఇవ్వడానికి లేదు. ఏం చెయ్యాలో ఎవరూ నాకు చెప్పలేదు. చెంబు పట్టుకుని, పాల కోసం ఆగలేని పిల్లలా, వెళ్ళి చుక్క తల దగ్గర నిలబడ్డాను. లంగా కుచ్చిళ్ళు దాని మూతికి తగిలేట్టు నిలబడ్డాను. చుక్క గట్టిగా వాసన పీల్చింది. ఒకసారి నా మోకాలు నాకింది. ఎత్తిన కాలు దించింది.

మొదటి ధార చెంబులో సుయ్యిమంది. తర్వాత ఇంకొకటి. చెంబు నిండే వేళకు ఆ పిల్ల వెనక్కి తిరగకుండా, "నిండొచ్చింది, బాపమ్మా," అంది. నా మాట, నా పిలుపు. విన్నాను, నిలబడ్డాను.

ఆ మనిషి నన్ను చూశాడు, నా లంగా చూశాడు, బర్రెను చూశాడు. "ఈ బర్రెకు పక్కింటి పిల్ల మీద మస్తు మొహబ్బత్ ఉన్నట్టుందే, అమ్మా!"

"రోజు పాలకొస్తది, బిడ్డా. వచ్చినప్పుడల్ల గడ్డి వెడ్తది. మేం జెప్తె ఇంటదా?" అంది బాపమ్మ.

అతను ఇంకాసేపు చుక్క నుదుటి మచ్చ నిమిరాడు. కార్డు తిరిగి ఇచ్చి వెళ్ళిపోయాడు. అతనికి తెలిసిపోయిందా, తెలియలేదా? ఇన్నేళ్ళుగా అప్పుడప్పుడూ ఆలోచిస్తాను, తేలదు.

నేను పాల చెంబుతో ఖిడ్కీ దాటాను. లోపల చీకట్లో ఆ పిల్ల తల్లి గోడకు ఒరిగి కూర్చుని ఉంది. అన్నీ విన్నది. అయినా "నా బిడ్డ?" అని అడిగింది.

"పాలు పిండుతున్నది," అన్నాను. అన్నాక ఏడుపు వచ్చింది. ఖాలా తన ఓణీ అంచుతో నా ముక్కు తుడిచి, "మా ఇంటి పిల్లవే గదా నువ్వు, ఇప్పుడెందుకేడుస్తవ్?" అని నవ్వించబోయింది. నేను నవ్వలేదు.

మధ్యాహ్నం బాపమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వింది. "నన్నెందుకు కాదన్నవ్?" అని అడిగాను. దువ్వెన ఆపకుండా చెప్పింది. "పరాయి పిల్లను కాదంటె సచ్చిపోతది. నా పిల్లను కాదంటె అలుగుతది. అలిగినోళ్ళను నేను మళ్ళ తెచ్చుకుంట." తర్వాత నా లంగా ముడి విప్పుతూ, "ఇంత గట్టిగ ఏసినవేందే, నీ పాడుగాను," అంది.

నా పుస్తకంలో ఆ రోజు గీత ఎదుట "బాపమ్మ" అని రాయాలనుకున్నాను. పోయినవాటి వరుసలో రాయాలో, ఇచ్చినవాటికి కొత్త వరుస పెట్టాలో తేలక వదిలేశాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ గీత ఎదుట ఖాళీగానే ఉంది.

ఫౌజు వచ్చి ఆ రాజ్యం పోయాక, ఆ తల్లీ కూతుళ్ళను వెతుక్కుంటూ తండ్రి వచ్చి తీసుకెళ్ళాడు. వాళ్ళు వెళ్ళిన కొన్నాళ్ళకే ఖాలా ఇంటి ముందు ఇంకో బండి ఆగింది. జిల్లాలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన ఆమె తమ్ముడి పిల్లలు. ఈసారి ఊరు తగలబెట్టి మగవాళ్ళను చంపింది వేరేవాళ్ళు, గెలిచిన వైపు వాళ్ళు. పిల్లల మోకాళ్ళు మాత్రం మళ్ళీ తొడలకంటే లావుగానే ఉన్నాయి. బాపమ్మ ఏమీ అడగకుండా అంబలికి పిండి కలిపింది. పెద్ద పిల్ల చుక్క వైపు ఆశగా చూస్తోంది. నేను వెళ్ళి నీలం లంగా తెచ్చి ఇచ్చాను. ఉతకకుండానే.

ఇష్టంగా ఇచ్చానని రాస్తే అబద్ధమవుతుంది. ఇచ్చి, ఆ సాయంత్రమంతా గడ్డివాము వెనక కూర్చున్నాను. అసూయ పోయాక మంచి పని చేద్దామని ఆగి ఉంటే ఇన్నేళ్ళలో నేను ఒక్కటీ చేసి ఉండేదాన్ని కాదు. అది ఇంకా పోలేదు. ఎనభై దాటినా, నా ఇంట్లోకి ఎవరైనా మూటతో వచ్చి నిలబడితే, నా కుర్చీ వైపు, నా పక్క వైపు, నా మనుషుల వైపు వాళ్ళ చూపు వెళితే, కడుపులో అదే మంట. ముందు కుళ్ళుకుంటాను. తర్వాత పక్కకు జరుగుతాను.